గిటార్ పెడల్ లెవెల్ పాట్ గరగరా, టోన్ పాట్ షాఫ్ట్ విరిగింది. 20కే (20 వేల ఓముల) పాట్ ఒంగోలు, నెల్లూరులో ఎక్కడ దొరుకుద్ది?

ఒంగోలు_లీడ్
చర్చిలో లీడ్ గిటార్ వాయిస్తాను. ట్యూబ్ స్క్రీమర్ అనే పేరున్న పెడల్ సర్క్యూట్ మీద ఒకాయన చేత్తో చేసిచ్చిన ఓవర్‌డ్రైవ్ పెడల్ (గిటార్ సౌండుని బరకగా చేసే పెట్టె) నాది, ఆయన పేరు ఇప్పుడెందుకులే. ఆరేళ్ళ నుంచి ప్రతి ఆదివారం దాంతోనే. ఇప్పుడు రెండు తంటాలు వచ్చిపడ్డాయి. ఒకటి, సౌండు పెంచి తగ్గించే లెవెల్ నాబ్ కొంచెం కదిపితే చాలు స్పీకర్లో గరగరగర, సిమెంటు గచ్చు మీద ఎండు తాటాకు ఈడ్చినట్టు. రెండోది, పోయిన వారం స్టేజి సర్దేటప్పుడు మా కుర్రాడు చూసుకోకుండా కీబోర్డు స్టాండు దించాడు, టోన్ నాబ్ షాఫ్టు మొదలంటా విరిగింది. ట్రంక్ రోడ్డులో నాలుగు షాపులు తిరిగా. పొటెన్షియోమీటర్ (నాబ్ కింద తిరిగే పాట్) అంటే ఒక్కరికీ ఎక్కలా. చివరికి ఒకాయన ఇచ్చిన 100కే పాట్ ఇంటికి తెచ్చి చూస్తే షాఫ్టు వేలెడు పొడుగు, కాళ్ళు వైరు చుట్టుకునే రకం, నా బోర్డు మీద కూర్చోనే కూర్చోదు. 20కే అడిగితే "ఆ నంబరే ఉండదు బాబూ, 10 తీస్కో లేకపోతే 22 తీస్కో" అన్నాడు. నెలాఖరుకి మూడు రోజుల కూటాలు పెట్టుకున్నాం, అప్పటికి ఇది పని చెయ్యాల. ఎక్కడ దొరుకుద్దో చెప్పండి, నెల్లూరు అయినా వస్తా.

పెన్నా_టోన్
లెవెల్‌కి స్ప్రే కొట్టినావా ముందు? అది క్లీనింగ్‌తో పోయే జబ్బేమో. కొత్త పాట్ దాకా ఎందుకు పోతావ్.

ఒంగోలు_లీడ్
కొట్టానన్నా, ఇంట్లో డబ్ల్యూడీ-40 ఉంటే. రెండు రోజులు నిమ్మళంగా ఉంది, మూడో రోజు మళ్ళీ మొదలు.

కావలి_సౌండ్స్
తమ్ముడూ షాపులో పొటెన్షియోమీటర్ అనబాక. "వాల్యూమ్ కంట్రోల్" అను, లేదా పాట్ అను. ఆ పక్కనే "లాగ్ రకమా, లీనియర్ రకమా" చెప్పు, "మోనోనా స్టీరియోనా" చెప్పు. ఇన్ని చెప్తేనే వాళ్ళు సరైన డబ్బా తీస్తారు. 26 ఏళ్ళ నుంచి మైక్ సెట్లు రిపేర్ చేస్తన్నా, ట్రంక్ రోడ్డులో పాట్లు లేకపోవడం ఏంది, నువ్వడిగిన పేరుకి వాళ్ళు తీసి ఇవ్వలేదంతే.

చేపలపులుసు_ఫజ్
నిజం. నేను మా నెల్లూరులో ఒక షాపుకి పోయి "రివర్స్ లాగ్ ఉండాదా" అంటే ఆయన లోపలికి పోయి రివర్స్ గేర్ హారన్ తెచ్చినాడు 😂

సోల్డర్_పొగ
పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు. ముందు ఆ స్ప్రే సంగతి. మామూలు డబ్ల్యూడీ-40 తుప్పు పట్టిన బోల్టులకి, తలుపు బందులకి. పాట్ లోపల అది జిడ్డు పొర వదులుద్ది, ఆ జిడ్డుకి దుమ్ము అంటుకుంటది, రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదలయ్యేది అందుకే. అదే కంపెనీ కాంటాక్ట్ క్లీనర్ అని వేరే డబ్బా అమ్ముద్ది, అది ఆవిరైపోద్ది, అది వాడొచ్చు. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) స్పిరిట్ కొట్టినా శుభ్రమవుద్ది గానీ షాఫ్టులో ఉండే గ్రీజు కూడా కడిగేసుద్ది, నాబ్ తిప్పితే ఆ మెత్తదనం ఉండదు, వదులుగా తిరుగుద్ది.

ఇక పాట్ కొనే ముందు నాలుగు చూసుకోవాల. వెనకో పక్కనో ఏం రాసుందో చూడు. బి100కే అనో బి104 అనో ఉంటది, 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, అంటే లక్ష ఓములు, 100కే. ముందున్న అక్షరం టేపర్, అంటే తిప్పేకొద్దీ విలువ మారే తీరు. ఏ అంటే లాగ్, మొదట నెమ్మదిగా తర్వాత తొందరగా మారుద్ది. బి అంటే లీనియర్, మొత్తం ఒకే తీరుగా మారుద్ది. సి అంటే రివర్స్ లాగ్, లాగ్‌కి తిరగేసింది. తర్వాత ఒంటి సైజు, పెడల్స్‌లో ఎక్కువ 16 ఎంఎం, చిన్న పెడల్స్‌లో 9 ఎంఎం. తర్వాత షాఫ్టు, గుండ్రటిదా, డి ఆకారమా, పళ్ళు ఉన్నదా, 6 ఎంఎమా 6.35 ఎంఎమా. ఈ 0.35 తేడాకే నాబ్ ఎక్కదు, లేదా ఎక్కి గింగిరాలు తిరుగుద్ది. చివరిది కాళ్ళు, బోర్డు మీద నిలబడేవా, వైరు అతికించేవా. ఈ నాలుగూ చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకుని షాపుకి పో.

కావలి_సౌండ్స్
పైన సోల్డర్ చెప్పింది అంతా ఒప్పుకుంటా, ఏ బి దగ్గర మాత్రం ఆగు. మా దగ్గర పాత స్టాకు ఉంది, అందులో ఏ అని రాసింది లీనియర్, బి అని రాసింది లాగ్. నేను చూసి చెప్తన్నా.

సోల్డర్_పొగ
అన్నా అది పాత యూరప్ పద్ధతి. వాళ్ళ లెక్కలో ఏ లీనియర్, బి లాగ్. ఇప్పుడు జపాన్, తైవాన్, చైనా సరుకు మొత్తం ఏ అంటే లాగే.

కావలి_సౌండ్స్
సరే, మరి పిల్లోడికి తెలిసేదెట్టా అది ఏ దేశం సరుకో? అక్షరాన్ని నమ్మొద్దు, మీటర్ని నమ్మాల. షాపులోనే మీటర్ పెట్టి చూడు. నాబ్ సరిగ్గా సగానికి తిప్పు, మధ్య కాలుకీ చివరి కాలుకీ పెట్టు. సగం చూపిస్తే లీనియర్, పదోవంతో ఐదోవంతో చూపిస్తే లాగ్. రెండు వైపులా పెట్టి చూడు, లాగ్ అయితే ఒక వైపు తక్కువ ఇంకో వైపు ఎక్కువ చూపిస్తది.

సోల్డర్_పొగ
ఒప్పుకున్నా. ఒక్కటి మాత్రం, బోర్డు మీద ఉండగా కొలవొద్దు. చుట్టూ ఉన్న రెసిస్టర్లు కలిసి తక్కువ చూపించుద్ది, అది చూసి పాట్ పోయిందనుకుని బాగున్నదాన్ని పీకేస్తారు. కనీసం రెండు కాళ్ళు విడిపించి కొలవాల. పైగా పాట్లలో 20 శాతం అటూ ఇటూ మామూలు, 100కే బదులు 88 చూపిస్తే అది చెడిపోయినట్టు కాదు.

సింగరాయకొండ_బాస్
నేనైతే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటా, ఈ తిరుగుళ్ళు నా వల్ల కాదు. మన దేశంలోనే పెడల్ కట్టేవాళ్ళ కోసం ఆల్ఫా కంపెనీ పాట్లు అమ్మేవాళ్ళు ఉన్నారు, బోర్డు కాళ్ళతో, పెడల్ పెట్టెకి సరిపోయే 7 ఎంఎం మరతో. ఒక్క పాట్ కోసం కొరియర్ ఖర్చు పాట్ కన్నా ఎక్కువ అవుద్ది, అదొక్కటే బాధ. అందుకని పదేసి తెప్పిస్తా. ఏ100కే, బి100కే, ఏ500కే, బి25కే, ఈ నాలుగు రకాలు డబ్బాలో ఉంటే సగం పెడల్స్ నడిచిపోతాయి.

పెన్నా_టోన్
ఆన్‌లైన్ ఎందుకప్పా, నెల్లూరు నుంచి చెన్నై మూడు గంటలు. అక్కడ ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి పో. చేత్తో పట్టుకుని తిప్పి చూసి కొనుక్కోవచ్చు. ఆన్‌లైన్‌లో బొమ్మ ఒకటి, వచ్చేది ఒకటి.

సింగరాయకొండ_బాస్
నీకు మూడు గంటలు, వాడు ఒంగోలు నుంచి పోవాల. పినాకిని రైలు ఎక్కితే దిగేసరికి మధ్యాహ్నం, 30 రూపాయల పాట్ కోసం రోజు కూలి పోద్ది.

గూడూరు_జంక్షన్
రిచీ స్ట్రీట్ పోయేవాళ్ళు ఆదివారం పోవద్దండి. నేను పోయి మూసిన షట్టర్లు చూసి, టీ తాగి తిరిగొచ్చినా. ఇంకోటి, అక్కడ కూడా 20కే నాకు దొరకలా. 10, 25, 50, 100 అడుగు చాలు గుప్పెడు ఇస్తారు. 20కే అంటే "25 తీస్కోండి సార్" అనే మాట.

ఒంగోలు_లీడ్
అన్నలూ ఇన్ని చెప్పారు, థాంక్స్. పెడల్ విప్పా. లెవెల్ మీద బి100కే అని ఉంది. డ్రైవ్ మీద ఏ500కే. టోన్ మీద రాత సగం చెరిగిపోయింది, 20కే కనపడతంది, ముందు అక్షరం జీనో సీనో. మూడూ 16 ఎంఎం, బోర్డు కాళ్ళు. టోన్‌కి 22కే లీనియర్ వేస్తే ఏమవుద్ది? అది మా ఊళ్ళో దొరుకుద్ది.

సోల్డర్_పొగ
అది జీ. ట్యూబ్ స్క్రీమర్ టోన్ 20కే జీ టేపర్, ఇప్పుడు డబ్ల్యూ అని అమ్మేది దానికి దగ్గర. అది ఎస్ ఆకారంలో నడుస్తది, రెండు చివర్ల దగ్గర నెమ్మదిగా, మధ్యలో తొందరగా. ఎందుకలా పెట్టారంటే, ఆ సర్క్యూట్‌లో పాట్ రెండు చివర్లూ ఆప్‌యాంప్ (సౌండు పెంచే చిప్పు) రెండు ఇన్‌పుట్లకి పోతాయి, మధ్య కాలు 220 ఓముల రెసిస్టరు, 0.22 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా గ్రౌండ్‌కి. అక్కడ లీనియర్ పెడితే మధ్యలో ఎంత తిప్పినా పెద్ద మార్పు ఉండదు, చివరి రెండు మిల్లీమీటర్లలో మాత్రం సౌండు ఒక్కసారిగా మారిపోద్ది. 22 అయినా 25 అయినా పర్లేదు, విలువ తేడా చెవికి తెలవదు. టేపర్ తేడా తెలుస్తది.

డ్రైవ్ బాగుంది కాబట్టి నీకు అవసరం లేదు గానీ మిగతావాళ్ళ కోసం చెప్తన్నా. 500కే లేకపోతే 470కే వెయ్యొచ్చు, భయపడొద్దు. ఆ స్టేజిలో గెయిన్ లెక్క 1 ప్లస్ (51కే + పాట్) బై 4.7కే. 500తో ఫుల్లుగా తిప్పితే 118 రెట్లు, 470తో 112. అర డెసిబెల్ కూడా తేడా లేదు.

చేపలపులుసు_ఫజ్
100కే లీనియర్ నా దగ్గర డజను ఉండాయి. రెండు చివర్లకి అడ్డంగా 25కే రెసిస్టర్ వేస్తే 20కే అయిపోదా?

సోల్డర్_పొగ
మీటర్‌కి చివరి కాళ్ళ మధ్య 20కే చూపించుద్ది. మధ్య కాలు సంగతి? నాబ్ సగంలో ఉన్నప్పుడు మధ్య కాలు నుంచి ఎటు పోయినా 50కే దాటాలి, సర్క్యూట్‌కి అది 20కే పాట్ లాగా అనిపించదు. రెండు కాళ్ళే వాడే చోట, అంటే డ్రైవ్ లాంటి చోట, అడ్డం రెసిస్టర్ పని చేస్తది. 1ఎం (పది లక్షల ఓముల) పాట్‌కి 1ఎం రెసిస్టర్ అడ్డంగా వేసి 500కే చెయ్యొచ్చు, తిరుగుడు తీరు మారుద్ది అంతే.

చేపలపులుసు_ఫజ్
మరి లీనియర్‌ని లాగ్ చేసే ట్రిక్కు?

సోల్డర్_పొగ
అది వేరే. వాల్యూమ్ దగ్గర 100కే లీనియర్ పెట్టి మధ్య కాలుకీ గ్రౌండ్ కాలుకీ 15కే వెయ్యి. సగం తిప్పినప్పుడు 50 శాతం రావాల్సింది 19 శాతం దగ్గరకి వస్తది, చెవికి లాగ్ లాగానే అనిపిస్తది. కాకపోతే ఫుల్లుగా తిప్పినప్పుడు ముందు స్టేజికి 100కే బదులు 13కే లోడు పడుద్ది. ముందు ఆప్‌యాంప్ ఉంటే లెక్క చెయ్యదు, పాత ట్రాన్సిస్టర్ ఫజ్ పెడల్ అయితే గొంతు నొక్కినట్టు వస్తది. నీ పేరులో ఫజ్ ఉంది కాబట్టి చెప్తన్నా.

పలకల_మార్కాపురం
గిటార్‌లో ఉండే వాల్యూమ్ పాట్ పెడల్‌కి పెట్టకూడదా? నా దగ్గర పాత గిటార్‌వి రెండున్నాయి.

కావలి_సౌండ్స్
మంచి గిటార్లవి 24 ఎంఎం ఉంటాయి, మర కూడా లావు, పెడల్ బొక్కలో దూరదు. బొక్క పెద్దది చెయ్యాల్సి వస్తది. విలువ కూడా 250కే, 500కే. నీకు పనికిరాదు సామీ.

గూడూరు_జంక్షన్
స్టీరియో పాట్ అయితే ప్రతి షాపులో ఉంటాది, హోమ్ థియేటర్ యాంప్లిఫయర్లకి వాడేది, ఆరు కాళ్ళది. ఒక వరస మాత్రం వాడుకోవచ్చు. నేనొకసారి 50కే దొరక్క 100కే స్టీరియో తెచ్చి రెండు వరసలూ కాలుకి కాలు కలిపి 50కే చేసినా, బ్రహ్మాండంగా నడస్తన్నాది. వెనక్కి లావుగా ఉంటాది, 9 వోల్టుల బ్యాటరీ పెట్టే చోటు పోయింది, అడాప్టర్‌తోనే వాడతన్నా.

ఒంగోలు_లీడ్
లెవెల్ పాట్ ఊడదీశా. సక్కర్‌తో లెడ్డు లాగి. మీటర్‌లో చివర్ల మధ్య 94కే, సగంలో 46. ఎక్కడా ఎగిరిపడలా. మరి గరగర ఎందుకు?

కావలి_సౌండ్స్
డిజిటల్ మీటర్ మెల్లగా చూస్తది, మధ్యలో రెప్పపాటు తెగినా దానికి కనపడదు. ముల్లు మీటర్ ఉంటే పెట్టి నిదానంగా తిప్పు, ముల్లు ఒక్కసారి అదిరినా పాట్ లోపలి ట్రాక్ అరిగినట్టే. మన సముద్రం గాలి పక్కన ఇవన్నీ మామూలే, కొత్తపట్నం వైపు నుంచి నా దగ్గరికి వచ్చే సెట్లలో పాట్ కాళ్ళు పచ్చగా చిలుం పట్టి ఉంటాయి.

ఒంగోలు_లీడ్
మా బాబాయి దగ్గర పాత ముల్లు మీటర్ ఉంటే తెచ్చి చూశా. అదరలా. నూనె పోసినట్టు పోయింది ముల్లు. సరే అని అయినా షాపు నుంచి తెచ్చిన పొడుగు షాఫ్టు 100కే లీనియర్‌ని వైర్లతో వేలాడదీసి పెట్టి చూశా. అదీ గరగరే!! కొత్త పాట్! ఇంకా ఎక్కువ కూడా!

పెన్నా_టోన్
నీకు ఇచ్చిన కొత్తది కూడా దొంగ సరుకేమో.

సోల్డర్_పొగ
ఆగు ఆగు ఆగు. కొత్తదీ అలాగే అంటే పాట్ తప్పు కాదు. మీటర్ డీసీ వోల్టుల్లో పెట్టు, నల్ల వైరు గ్రౌండ్‌కి, ఎర్ర వైరు లెవెల్ పాట్ పై కాలుకి. గిటార్ వాయించొద్దు, పవర్ మాత్రం ఇవ్వు. ఎంత చూపిస్తందో చెప్పు. సున్నా రావాల.

ఒంగోలు_లీడ్
0.7 వోల్టు. కదలకుండా నిలబడింది.

సోల్డర్_పొగ
దొరికింది దొంగ. లెవెల్ పాట్ ముందు ఒక కెపాసిటర్ ఉంటది, ఆప్‌యాంప్ దగ్గరున్న 4.5 వోల్టుల్ని అక్కడే ఆపేసి సౌండుని మాత్రం వదలాల. అది లీకవుతంది. పాట్ మీద డీసీ నిలబడితే వైపర్ (ట్రాక్ మీద నడిచే ముక్క) కదిలినప్పుడల్లా ఆ వోల్టేజి చిన్న చిన్న మెట్లుగా తెగి గరగర వస్తది, బంగారు పాట్ పెట్టినా అంతే. నీ బోర్డులో అది ఎలక్ట్రోలైటికా? డబ్బా లాంటిది, పక్కన గీత ఉండేది. ఆ గీత ఎటు వైపు ఉందో చూడు.

ఒంగోలు_లీడ్
1 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్. గీత ఆప్‌యాంప్ వైపు ఉంది.

సోల్డర్_పొగ
గీత నెగటివ్. ఆప్‌యాంప్ వైపు 4.5 వోల్టులు, పాట్ వైపు సున్నా, అంటే పాజిటివ్ ఆప్‌యాంప్ వైపు ఉండాల. చేసినాయన తిరగేసి పెట్టాడు. ఎలక్ట్రోలైటిక్‌ని తిరగేసి పెడితే లోపల ఆక్సైడ్ పొర మెల్లమెల్లగా తినేసి లీకు మొదలవుద్ది, అందుకే ఆరేళ్ళు నడిచి ఇప్పుడు బయటపడింది. కొత్తది తెచ్చి సరైన వైపు పెట్టు, 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ దొరికితే ఇంకా మంచిది, దానికి అటూ ఇటూ అని ఉండదు.

చేపలపులుసు_ఫజ్
అబ్బా. నేను నా ఫజ్ పెడల్‌కి మూడు పాట్లు మార్చినా ఇదే గరగరకి. ఇప్పుడు పోయి కొలుస్తా.

సోల్డర్_పొగ
ఫజ్ ఫేస్ సర్క్యూట్ అయితే ఫజ్ నాబ్ దగ్గర కొంచెం గీకుడు సహజం, రెండో ట్రాన్సిస్టర్ ఎమిటర్ కరెంటు ఆ 1కే పాట్ గుండానే పోద్ది, డీసీ ఉండాల్సిందే అక్కడ. వాల్యూమ్ నాబ్ గీకితే మాత్రం కెపాసిటర్ చూడు.

పెన్నా_టోన్
సరే లెవెల్ అయిపోయింది. టోన్ సంగతి? 25కే డబ్ల్యూ ఆన్‌లైన్‌లోనే ఆర్డర్ పెట్టమనండి వాణ్ణి, కూటాలు దగ్గరికొచ్చె.

సోల్డర్_పొగ
అవును. ఈలోపు విరిగిన టోన్ పాట్ తీసేసి ఉంచు. బోర్డు మీద నుంచి పీకేటప్పుడు మూడు కాళ్ళూ ఒకేసారి కాల్చి లాగొద్దు, బోర్డు మీది రాగి ప్యాడ్లు లేచిపోతాయి. కట్టర్‌తో కాళ్ళు కోసేసి ఒక్కోదాన్ని విడిగా తియ్యి.

కావలి_సౌండ్స్
కొయ్యబాక!! ఎవరూ కొయ్యమాకండి! విరిగింది షాఫ్టు. ట్రాక్‌కి ఏమయింది? నీకు కావాల్సిన 20కే జీ నీ చేతిలోనే ఉంది తమ్ముడూ, ఊరంతా వెతుకుతన్నావ్. అదే సైజు 16 ఎంఎం పాట్ ఏదన్నా తీసుకో, 1కే అయినా 1ఎం అయినా నీకనవసరం, దాని ఒళ్ళూ షాఫ్టూ కావాల. లోపల ట్రాక్ పలక నీ పాతదాన్లోది పెట్టు. మేం మిక్సర్లకి 20 ఏళ్ళుగా చేసేది ఇదే.

ఒంగోలు_లీడ్
అన్నా ఒక కాలు అప్పటికే కోశా... మీ మెసేజ్ చూసి కట్టర్ కింద పెట్టా.

కావలి_సౌండ్స్
ఒక కాలేగా. మొండెం ఎంత మిగిలింది?

ఒంగోలు_లీడ్
రెండు మూడు మిల్లీమీటర్లు.

కావలి_సౌండ్స్
బోలెడు. రెసిస్టర్ కాలు ముక్క తెచ్చి దానికి అతికించి పొడుగు చేసుకో. మిగతా రెండు కాళ్ళకి ముందు కొత్త లెడ్డు కొంచెం పెట్టి కరిగించు, పాత లెడ్డు దాంతో కలిసి వదులవుద్ది, అప్పుడు సక్కర్. ముందుగా నోస్ ప్లయర్‌తో ఆ షాఫ్టు మొండెం పట్టుకుని తిప్పి మీటర్ పెట్టు, ట్రాక్ బతికుందో లేదో చూడు. చచ్చుంటే ఇదంతా దండగ.

సోల్డర్_పొగ
కొయ్యమని నేనే తొందరపడి చెప్పా, కావలి అన్న మాట సరైంది. కొలిచేటప్పుడు సగంలో కాదు, పావు వంతులో కొలువు. ఎస్ టేపర్ కూడా సగంలో సగమే చూపిస్తది, లీనియర్‌కీ దానికీ తేడా తెలిసేది పావు దగ్గరే. లీనియర్ అయితే పావులో 25 శాతం వస్తది.

ఒంగోలు_లీడ్
మొత్తం 19.2కే. సగంలో 9.8. పావులో 2.1. బతికే ఉంది!!

సింగరాయకొండ_బాస్
2.1 బై 19.2, పదకొండు శాతం. జీ టేపరే. ఇది చదువుతుంటే క్రికెట్ చూసినట్టుంది నాకు.

పలకల_మార్కాపురం
ట్రాక్ పలక మార్చడం కాస్త వివరంగా చెప్పన్నా, నాకూ ఒకటుంది. నేను విన్నది పెన్సిల్ రాస్తే అరిగిన ట్రాక్ బాగుపడుద్దని, అది నిజమేనా?

కావలి_సౌండ్స్
పెన్సిల్ రాసి నేనూ చేశా, జాతర మధ్యలో యాంప్లిఫయర్ మొండికేస్తే. 4బి లాంటి మెత్త పెన్సిల్ అయితే రెండు మూడు రోజులు నడుస్తది, మళ్ళీ అరిగిపోద్ది. ఆ రాత్రి గట్టెక్కడానికి తప్ప పెడల్‌కి చెయ్యబాక.

పలక మార్చడం ఇట్టా. పాట్ చుట్టూ నాలుగు రేకు చెవులు మడిచి ఉంటాయి. సన్న స్క్రూ డ్రైవర్‌తో వాటిని లేపు, నిలువుగా వచ్చేదాకా చాలు, పూర్తిగా వెనక్కి వంచబాక, ఆ చెవులు రెండుసార్లు వంగుతాయి, మూడోసారి తెగుతాయి. మూత వచ్చేస్తది. లోపల గుర్రపు లాడం ఆకారంలో నల్లటి ట్రాక్ కనపడుద్ది. వేలు తగలనియ్యొద్దు, మన చేతి చెమటే దానికి శత్రువు. ఇయర్ బడ్ మీద కాంటాక్ట్ క్లీనర్ చుక్క వేసి ఒక్కసారి తుడువు. వైపర్ అని ఇత్తడి రంగు వేళ్ళు ఉంటాయి, అవి వంగాయేమో చూసి, వంగితే వెంట్రుకవాసి లేపు, అంతకు మించొద్దు. రెండు పాట్లూ ఇట్టానే విప్పి, ఒకదాని పలక ఇంకోదాంట్లో కూర్చోబెట్టి చెవులు మడువు. కూర్చోకపోతే తొయ్యబాక, అంటే అవి వేరే కంపెనీవి, కొలత తేడా ఉంటది.

ఒంగోలు_లీడ్
ఒంటికి పాట్ ఎక్కడ తెచ్చేది? షాపుది చూశా, మూత కొలత వేరే.

కావలి_సౌండ్స్
మీ చర్చి మిక్సర్ ఎప్పుడైనా చెడిపోయిందా? పాతది మూలన పడేసి ఉంటారు.

ఒంగోలు_లీడ్
ఉంది!! బాప్తిస్మపు తొట్టి వెనక గదిలో, పోయిన వానాకాలం నీళ్ళు పడి పోయింది. ఆదివారం పాస్టర్ గారిని అడిగి విప్పుతా.

*

ఒంగోలు_లీడ్
అయిపోయింది. వరసగా చెప్తా.

కెపాసిటర్ ట్రంక్ రోడ్డులోనే దొరికింది, 1 మైక్రోఫారడ్ ఫిల్మ్, కొంచెం లావు, పడుకోబెట్టి పెట్టా. డీసీ కొలిస్తే సున్నా. పాత లెవెల్ పాట్‌నే మళ్ళీ బోర్డు మీద పెట్టా, గుండెలు పీచుపీచుమంటున్నాయి తిప్పేటప్పుడు. ఒక్క గీకుడు లేదు. ఇన్నాళ్ళు ఆ పాట్‌ని తిట్టుకున్నా, పాపం దాని తప్పేం లేదు.

టోన్‌కి పాత మిక్సర్ విప్పితే 16 ఎంఎం పాట్లు పదకొండు దొరికాయి, నాలుగు నీళ్ళకి బిగుసుకుపోయాయి, మిగతావి బాగున్నాయి. మొదటిదాని చెవి ఒకటి నా చేతిలోనే తెగింది, కావలి అన్న చెప్పినట్టు నిదానంగా చెయ్యకుండా వంచేశా. రెండోది కుదిరింది. మూత తీసేసరికి నా పాత పలక మీద వైపర్ నడిచిన చోట సన్నగా రెండు మెరుపు గీతలు, ఆరేళ్ళ ఆదివారాలు అక్కడే తిరిగినట్టు, ఎక్కువగా మధ్యలో, నేనెప్పుడూ టోన్ అక్కడే పెడతాను. కోసిన కాలుకి రెసిస్టర్ ముక్క అతికించా. షాఫ్టు పళ్ళు ఉన్నది, నా నాబ్ స్క్రూ ఉన్నది, అందుకని నాబ్ కూడా మిక్సర్‌దే పెట్టా. మూడు నాబుల్లో రెండు నల్లవి, ఒకటి ఎర్రది ఇప్పుడు.

చేపలపులుసు_ఫజ్
ఎర్ర నాబ్ ఉంటే చీకట్లో కూడా టోన్ ఏదో తెలుస్తాది, అది లాభమే. నా ఫజ్ కూడా కొలిచినా, వాల్యూమ్ దగ్గర 0.3 వోల్టు. మూడు పాట్లు అనవసరంగా మార్చినా గదా. కెపాసిటర్ రేపు మారుస్తా.

కావలి_సౌండ్స్
శభాష్ తమ్ముడూ. ఆ మిగిలిన పాట్లు పారెయ్యబాక, విలువలు కొలిచి చీటీలు కట్టి డబ్బాలో పెట్టు.

గూడూరు_జంక్షన్
నాదొక ప్రశ్న. ఫేజ్ 90 సర్క్యూట్‌తో ఒక ఫేజర్ పెడల్ ఉంది, స్పీడ్ పాట్ 500కే సి. అది ఎక్కడా దొరకలేదు. ఏ500కే పెడితే?

సోల్డర్_పొగ
పెట్టు, రెండు చివరి కాళ్ళు తారుమారు చెయ్యి. తిరుగుడు సరిగ్గానే వస్తది, కాకపోతే కుడికి తిప్పితే స్పీడ్ తగ్గుద్ది, ఎడమకి తిప్పితే పెరుగుద్ది. కొన్నాళ్ళకి చెయ్యి అలవాటు పడుద్ది.

ఒంగోలు_లీడ్
గూడూరు అన్నా, మిక్సర్ పాట్లలో రెండు ఏ500కే ఉన్నాయి, ఇప్పుడే కొలిచా, ఒకటి 487, ఒకటి 512. నీకొకటి పంపిస్తా, అడ్రస్ మెసేజ్‌లో పెట్టు. కూటాలకి ఇటు ఎవరన్నా వస్తే చర్చి దగ్గరకి రండి, పెడల్ చూపిస్తా.